ఈసారి కెమెరాలో రీలు ఉంది

1989వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీ గురువారం నాడు, కొవ్వూరులోని మన గోదావరీ మత్స్య శిక్షణా కేంద్రంలో ఛాయాచిత్రకారులుగా శ్రీ ఖండవిల్లి సూర్యనారాయణమూర్తి గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. సుదీర్ఘమైన ఆ సేవాప్రస్థానం వచ్చే జనవరి 31న ముగియనున్న ఈ శుభసందర్భంలో, ఇరవై ఏడేళ్ళుగా వారితో ఒకే వరండాను పంచుకున్న నాకు ఈ అభినందన వ్యాసం రాసే భాగ్యం దక్కింది. భాగ్యంతో పాటు చిన్న తగవు కూడా ఉంది. 1998లో నేను ఉద్యోగంలో చేరిన రోజున మా నాన్నగారినీ నన్నూ గుమ్మం ముందు నిలబెట్టి మూర్తిగారు తీసిన ఫొటో ఇంతవరకూ మా ఇంటికి చేరలేదు.

కోనసీమలోని ఒక పురోహిత కుటుంబంలో జన్మించి, చేపను ముట్టని ఇంట పెరిగిన మూర్తిగారు ముప్పై ఆరేళ్ళ పాటు చేపల ఫొటోలే తీయడం విధివిలాసమనే అనాలి. బొచ్చెకూ శీలావతికీ తేడాను వారు కంచంలో కాక కటకంలో తెలుసుకున్నారు. చెరువు గట్టున మోకాలి లోతు బురదలో నిలబడి, మెడలోని ఫిల్ము కెమెరాను మాత్రం చంటిపిల్లలా గుండెకు హత్తుకుని వచ్చే వారిని చూసి కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకునేవారు. నేనూ నవ్వాను.

ఆ రోజుల్లో ఒక్కో శిక్షణ తరగతికి కార్యాలయం ఇచ్చేది ఒకే ఒక రీలు. జ్యోతి ప్రజ్వలనకూ పూలదండలకూ ముఖ్య అతిథి ప్రసంగానికీ పోగా మిగిలేది బహు స్వల్పం. శిక్షణకు వచ్చిన మత్స్యకార దంపతులు చివరి రోజున కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, తమకూ ఒక ఫొటో కావాలని అడిగేవారు. లేదనడానికి నోరు రాని మూర్తిగారు, పెళ్ళి ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన ఉపాయాన్నే ఆశ్రయించేవారు. కెమెరా కంటికి ఆనించి, మీట నొక్కకుండా ఫ్లాషు ఒక్కటే వెలిగించేవారు. దాన్ని ఉత్త ఫ్లాషు అంటారు. మెరుపు మెరుస్తుంది, ఎదుటివాళ్ళు సంతోషిస్తారు, రీలు మిగులుతుంది.

1999లో అలా సంతోషించి వెళ్ళిన వారిలో గోదావరి మధ్య లంక నుంచి వచ్చిన మరిడమ్మ, ఆమె భర్త చినబాబు ఉన్నారు. మరిడమ్మ చేపల తట్టతో ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా కార్యాలయం మెట్లెక్కి, "మా ఫొటో వచ్చిందాండి బాబూ?" అని అడిగేది. "లాబుకెళ్ళిందమ్మా, రావాలి" అని మూర్తిగారు తప్పించుకునేవారు. ఒకరోజు ఆమె తట్ట దించి వరండాలో చతికిలబడింది.

"ఇయ్యాల పట్టుకెళ్ళేదాకా లెగనండి."

మూర్తిగారు మా అందరి ఎదుటే ఆమె ముందుకొచ్చి నిలబడ్డారు. "మరిడమ్మగారూ, ఆ రోజు ఫొటో తీయలేదండి. రీలు అయిపోతుందని ఫ్లాషు ఒక్కటే వెలిగించాను."

"మరి నవ్వండి, నవ్వండి అన్నారు కదండీ?"

"అన్నానండి."

"నవ్వేం కదండీ."

మూర్తిగారు లోపలికి వెళ్ళి, రీలు ఎక్కించిన కెమెరా తెచ్చి, మీ ఆయన్ను పిలవండి, ఇప్పుడే తీస్తానన్నారు.

"ఇప్పుడేం తీత్తారండీ. తిరపతెళ్ళి మీసం కూడా ఇచ్చేసొచ్చేడు. ఆ మీసం కోసమే కదండీ నేను అడిగింది."

వరండా అంతా గొల్లున నవ్వింది. మూర్తిగారు మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత చాలా ఆదివారాలు నావ మీద లంకకు వెళ్ళి, చినబాబు మీసం ఎంతవరకు వచ్చిందో చూసి, ఇంకా చాలదని తిరిగి వచ్చేవారు. చివరికి మరిడమ్మ సరేనన్న రోజున నిజమైన ఫొటో తీశారు. ఆపైన ఎవరికీ ఉత్త ఫ్లాషు కొట్టలేదు. మా నాన్నగారి ఫొటో సంగతేమిటన్న అనుమానం నాకు అప్పుడే తగిలింది కాని, జవాబు వినడానికి మనసొప్పక అడగలేదు.

2007లో కార్యాలయానికి కొత్త కెమెరా కొనవలసి వచ్చినప్పుడు అధికారులు మూర్తిగారి అభిప్రాయం కోరారు. ఫిల్ము మీద వారికున్న మక్కువ ఎరిగిన మేము వారి జవాబు ముందే తెలుసనుకున్నాం. వారన్నది ఇది: "ఫిల్ముతో ఫొటో బాగా వస్తుందండి. డిజిటల్‌తో అందరికీ వస్తుంది. మన దగ్గరికి రోజూ వచ్చేది అందరూ కదండీ." డిజిటల్ కెమెరాయే కొన్నాం. ఆరేళ్ళ తర్వాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ చెడిపోయి ఎన్నో తరగతుల ఫొటోలు మాయమైనా, లంకలో మరిడమ్మ ఇంటి గోడ మీద చినబాబు మీసం చెక్కుచెదరలేదు. నాటి నుంచి ధ్రువపత్రంతో పాటు ప్రతివారి చేతికీ కాగితం మీద వేయించిన ఫొటో ఇవ్వడం మూర్తిగారు నియమంగా పెట్టుకున్నారు. ఏ కెమెరా కొనమంటారని ఇప్పటికీ ఎవరడిగినా, "ఇంట్లో పిల్లలు పరిగెడుతుంటే డిజిటల్ కొనుక్కోండి, ఆగి చూసే ఓపికుంటే ఫిల్ము కొనుక్కోండి, ఏది కొన్నా ఫొటో కడిగించి ఇంట్లో పెట్టుకోండి" అంటారు.

ఈ అభినందన సంచిక పనిలో ఉండగా, పోయిన వారం ధైర్యం చేసి మా నాన్నగారి ఫొటో సంగతి అడిగేశాను. మూర్తిగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉత్త ఫ్లాషేనమ్మా. మీ నాన్నగారు తల దువ్వుకుని, కండువా సర్దుకుని నిలబడ్డారు. రీలు లేదని చెప్పలేకపోయాను. 31న ఆయన్ను తీసుకురండి. ఏ కెమెరాతో తీయమంటారో కూడా మీరే చెప్పండి."

నాకు కోపం రావలసింది. రాలేదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎనభై నాలుగేళ్ళ మా నాన్నగారికి విషయమంతా చెప్పి, డిజిటల్ అయితే అక్కడికక్కడే చూసుకోవచ్చు, ఫిల్ము అయితే కడగడానికి హైదరాబాదు పంపాలి, పదిహేను రోజులు పడుతుంది అన్నాను.

"ఆ రోజు పట్టుకున్న కెమెరాతోనే తీయమనమ్మా. ఇరవై ఏడేళ్ళు ఆగినవాణ్ణి, ఇంకో పదిహేను రోజులు ఆగలేనా?"

మూర్తిగారి సతీమణి శ్రీమతి హైమవతి గారు ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన చోటిచ్చి కాపాడిన ఆఖరి రీలు అలా బయటికొచ్చింది. 31వ తేదీ వీడ్కోలు సభకు రమ్మని ఫోన్ చేస్తే మరిడమ్మ, "ఈసారి రీలుందో లేదో తెరిసి సూపించమనండి" అంది. తెరిస్తే వెలుగు తగిలి పాడైపోతుందని చెప్పాను.

"అయితే నమ్మాలంటారు."

"నమ్మాలి."

"నమ్ముతాలెండి. నిజం సెప్పిన మనిసే కదా."

ఈ పుట కింద ఖాళీగా వదిలిన చోటులో, 31న తీయబోయే ఆ ఫొటో అంటించుకోవలసిందిగా పాఠకులకు మనవి. అది మన చేతికి అందిన తర్వాత కూడా శ్రీ సూర్యనారాయణమూర్తి గారు సతీసమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో, తొణకని చేతితో, తగ్గని చూపుతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం. 31వ తేదీ సాయంత్రం వారు "నవ్వండి" అనడమే తరువాయి. మేమంతా నవ్వుతాం, నాన్నగారు అందరికంటే ముందు నవ్వుతారు.

ఉమాశ్రీ,
పర్యవేక్షకురాలు