తాళాల బాబాయి పొట్టి ప్రార్థన

ఏంటే అది, అంత పదిలంగా మడత పెట్టుకుంటున్నావు? ఆదివారం చర్చిలో చెప్పాల్సిన సాక్ష్యమా? ఏదీ, చదువు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో, నువ్వే చదువు. ఊఁ... "ఎల్లప్పుడూ ఆనందంగా ఉన్నాను." బాగుంది. "నాకు ఏ చింతా లేదు." ఊఁ, అదీ బాగానే ఉంది. అబ్బే, వంక పెట్టడం లేదే. వింటుంటే తాళాల బాబాయి గుర్తొచ్చాడు, అంతే. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. కూర్చో, చెప్తా. మంచం అంచున కాదు, కాళ్లు పైన పెట్టుకుని సరిగ్గా కూర్చో.

తాళాలు బాగుచేసేవాడు, అందుకని వరసతో పనిలేకుండా చర్చిలో అందరికీ తాళాల బాబాయే. బజారు మూల మీద చిన్న కొట్టు, గోడనిండా మేకులకి వేలాడే తాళంచెవులు. ఆదివారం పెద్ద ప్రార్థన ఆయనదే. ఆయన మొదలుపెట్టాక, పొయ్యి ఆర్పానా లేదా అని అనుమానమొచ్చినవాళ్లు ఇంటికెళ్లి చూసొచ్చి ఆమేన్ అందుకోవచ్చు. నేనొకసారి వెళ్లొచ్చాను కూడా. ఆర్పే ఉంది. ఇంకో సంగతేంటంటే, అందరి ఇళ్ల గుట్టూ ఆయన చేతిలోనే ఉండేది. వీధి తలుపుకి తాళం ఎవరైనా వేయిస్తారు, దొంగల భయం. లోపలి తాళాల సంగతి వేరు కదా. ఒక ఇంట్లో కోడలు ఉత్తరాల పెట్టెకి, ఇంకో ఇంట్లో అన్న బీరువాకి, తమ్ముడు అల్మారాకి. అన్నీ బిగించింది ఆయనే. ఎవరికి ఎవరి మీద నమ్మకం లేదో పాస్టరుగారికి తెలీదు గానీ ఆయనకి తెలుసు. ఒక్కనాడు నోరు జారలేదు మహానుభావుడు.

మా ఇంట్లోవీ రెండున్నాయి. నవ్వకు. మీ తాతయ్యా నేనూ అప్పట్లో చర్చిలో ఆదర్శ దంపతులం. కొత్తగా పెళ్లయినవాళ్లకి పాస్టరుగారు మమ్మల్ని వేలుపెట్టి చూపించేవారు. ఆ ఆదర్శ దంపతులం మాట్లాడుకోవడం మానేసి, నేను చెప్పబోయే ఆదివారానికి పది రోజులు దాటింది. ఎందుకా? రేడియో సౌండు తగ్గించానని. ఆయన ఆ రేడియో తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేయించారు. నేనేం తక్కువ తిన్నానా, చక్కెర అల్మారాకి తాళం వేయించాను. ఒకే రోజు, ఆయన పొద్దున, నేను మధ్యాహ్నం. బాబాయి రెండుసార్లూ వచ్చి, తలొంచుకుని పనిచేసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. "మళ్లీ ఏంటమ్మా" అని కూడా అనలేదు.

ఇంతకీ ఎక్కడున్నాను? ఆ, పిన్ని. బాబాయి భార్య. ఆవిడ పోయిన ఏడు నెలలకి, ఒక ఆదివారం ఆయన లేచి "ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరం కళ్లు మూసుకున్నాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను ఒక కన్ను తెరిచా. నువ్వు తెరవ్వా ఏంటి? చూస్తే నాలాంటి ఒంటికన్ను వాళ్లు ఇంకో పదిమంది. ఆయన ముందు బెంచీ పట్టుకుని నిలబడి, "నాకు రావట్లేదు" అన్నాడు. "ఆవిడ పోయినప్పటినుంచి ఇంట్లో ఒక్క మాట రావట్లేదు. ఇక్కడ మీకు వినిపించేదంతా పాతదే, కంఠతా వచ్చిన పాఠం. దేవుడి మీద నాకు చాలా కోపంగా ఉంది. ఇక నటించలేను" అని కూర్చున్నాడు.

సాయంత్రం సంఘ పెద్దలు సమావేశమయ్యారు. మీ తాతయ్యా అందులో ఉన్నారు. ఇంటికొచ్చి నాతో చెప్పరుగా, పిల్లితో చెప్పారు, నాకు వినపడేలా. "విన్నావే పిల్లీ, ఆయన్ని వెనక బెంచీలో కూర్చోమన్నారు. మనసు కుదుటపడేదాకా ప్రార్థన చేయొద్దన్నారు." పాస్టరుగారు మెత్తని మనిషి, గొంతు తగ్గించి "మనం సంఘానికి మాదిరిగా ఉండాల్సినవాళ్లం కదండీ" అన్నారట. కలప కొట్టాయన మాత్రం "ఇవాళ తన సంగతి చెప్పినవాడు రేపు మన సంగతులు చెప్పడని నమ్మకమేంటి" అన్నాడట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. "మరి మీ అయ్యగారేమన్నారో అడగవే పిల్లీ" అన్నాను. పిల్లి అడగలేదు, ఆయన చెప్పలేదు.

శనివారం బాబాయి మా ఇంటికొచ్చాడు. చర్చి తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఆయన దగ్గరుండేది, అది నా చేతిలో పెట్టాడు. "రేపటితో సరి, ఇంక రానమ్మా. నన్ను చూస్తే అందరూ మాటలు ఆపేస్తున్నారు. రేపు మీ ఇద్దరి సాక్ష్యం ఉందటగా, అది విని వెళ్తా. బాగా చదువమ్మా" అన్నాడు. వెటకారం చేసినా బాగుండేది. మనస్ఫూర్తిగానే అన్నాడు. మా రెండు తాళాలూ తన చేత్తో బిగించిన మనిషి. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

ఆదివారం ఇద్దరం ముందు నిలబడ్డాం. కాగితం నీది లాంటిదే, నీటుగా రాసుకున్నా. "మా ఇంట్లో ఏనాడూ మాట తేడా రాలేదు" అని మొదలుపెట్టి తలెత్తితే, వెనక బెంచీలో బాబాయి ఒక్కడే. పక్కన ఎవరూ కూర్చోలేదు. ముందు వరసలో మా అత్తగారు, మమ్మల్ని అందరికీ చూపించుకుంటూ. కాగితం మడిచేశా. "మేము మాట్లాడుకుని పందొమ్మిది రోజులైంది. ఈయన రేడియోకి తాళం వేశారు, నేను చక్కెరకి వేశాను. నాకు ఈయనంటే ప్రాణం, కానీ ముందు మాట్లాడ్డానికి నా వల్ల కావట్లేదు" అన్నాను. అప్పుడు మీ తాతయ్య గొంతు సవరించుకుని, "ఇరవై" అన్నారు. "ఇవాళ్టితో ఇరవై." అన్నాళ్ల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది, అదీ తప్పు దిద్దడానికి.

ముందు పాస్టరమ్మగారు నవ్వింది, తర్వాత ఆపేవాళ్లు లేరు. కలప కొట్టాయన లేచి "మా ఇంట్లో నాలుగు తాళాలు" అని కూర్చున్నాడు. ఆయన భార్య "ఐదు" అంది. ఆ నవ్వుల్లోనే పాస్టరుగారు వేదిక దిగి, నడుచుకుంటూ వెళ్లి బాబాయి పక్కన కూర్చున్నారు. "నాకూ ఒక్కోసారి రాదు బాబాయీ. మీకు ఎలా వస్తే అలాగే చేయండి" అన్నారు. బాబాయి ముందు బెంచీ పట్టుకుని లేచి, "ప్రభువా, నీ మీద ఇంకా కోపంగానే ఉంది. అయినా వచ్చాను. ఆమేన్" అన్నాడు. అంతే ప్రార్థన. పొయ్యి చూసుకోవడానికి వెళ్లినవాళ్లెవరైనా ఉంటే పాపం వాళ్లకి దక్కలేదు. నేను ఏడ్చాను, మీ తాతయ్య జేబురుమాలు ఇచ్చారు. చర్చి తాళంచెవి మళ్లీ బాబాయి చేతిలోనే పెట్టాను, పోయేదాకా ఆయన దగ్గరే ఉంది. కోపమా? ఇంకో ఏడాది ఉంది. "ఈవారం కాస్త తగ్గింది ప్రభువా" అనేవాడు, "ఈవారం మళ్లీ పెరిగింది" అనేవాడు. ఆ మాట కోసం మేమందరం ఎదురుచూసేవాళ్లం.

ఆ, నీ కాగితం. బాగుందే, నేనేమీ అనను. కానీ మొన్న స్నానాలగదిలో కొళాయి తిప్పి వదిలేసి అంతసేపు ఎందుకేడ్చావు? నాకు కళ్లు కనపడవు గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. ... చెప్పొద్దులే. ఇప్పుడే చెప్పక్కర్లేదు. ... ఇలా దగ్గరికి రా. ... ఊఁ. ఏడువు, ఇక్కడ కొళాయి అక్కర్లేదు. ... అదేంటి, ఏదో విరిగిన చప్పుడైంది? ఒకసారి లే. నా కళ్లజోడు మీద కూర్చున్నట్టున్నావు.