సాంచాల కాడి సైగ

సూరత్, డిండోలి. సిరిసిల్ల కోర్టు విచారణ ఫోనులో, వీడియో కాల్ మీద, ఇప్పుడే ముగిసింది. ఇంట్లో సాంచాల (మరమగ్గాల) కార్మికుడు దశరథం, ఆయన కూతురు సంతోషి.

“ఇగ అయిపోయినట్టేనా బాపు?”

“అయిపోయింది బిడ్డా. విడాకులు ఇచ్చేసిండు జడ్జి. ఆర్నెల్లు ఆగుడు గూడ మాఫ్ జేసిండట.”

“నాకు ఇనవడ్డది.”

“ఎనకట అయితే కోర్టు సుట్టు తిరిగి తిరిగి చెప్పులరిగేటియి. ఇప్పుడు సూడు, మంచం మీద కూసుండంగనే…”

“బాపు.”

“సరే సరే. చాయ్ తాగు, సల్లారుతాంది.”

“తాగుత.”

“నా చేతులైతే తిమ్మిరెక్కినయ్. మొఖం సాఫ్ కనవడాలె, జడ్జి గుర్తువట్టాలె అని వకీల్‌సాబ్ ఒక్కటే లొల్లి. ఫోన్ జర గూడ కదల్చలే నేను. కోర్టుల పరుశురాం ఎట్లున్నడు? నాకు ఫోన్ ఈపే కనవడె.”

“ఎట్లుంటడు. మంచిగనే ఉన్నడు.”

“బక్కగయిండా?”

“అయిండు. అంగీకి ఇస్త్రీ గూడ లేదు.”

“గదన్న సూసినవ్. ఒకటి అడుగుతా, కోపం జెయ్యకు. ఇద్దరికి ఇష్టమేనా అని జడ్జి అడిగినప్పుడు నువ్వు జర ఆగినవ్.”

“నెట్ ఆగింది.”

“నెట్ మంచిగనే ఉండె. నాకు అందరి మాటలు ఇనవడె.”

“ఇడిసిపెట్టు బాపు.”

“సంతోషీ.”

“ఆయన సైగ జేసిండు.”

“ఏం సైగ?”

“సాంచాల కాడ జేసేటిది. ఒక్క కార్ఖానల పనిజేసినన్ని దినాలు మా ఇద్దరిది గదే మాట. ఆ చప్పుడుల నోరెవలికి ఇనవడ్తది? అవతలి సాంచ కాడికెల్లి తిన్నవా అంటుండె. ఇంటికి పోదమా అంటుండె.”

“నోటితోనైతే, మీ పాప పోయినంక వాడు మాట్లాడిందే లేదు.”

“నేను మాట్లాడిన్నా? తప్పు ఆయనదొక్కనిదే అనకు.”

“అంటలేను. కోర్టుల ఏమని జేసిండు మరి?”

“తన ఛాతి మీద ఏలు వెట్టుకున్నడు. నా దిక్కు సూపిండు.”

“అంటే?”

“‘నీ దగ్గరికి రావాల్నా’ అని.”

“ఓరి దేవుడా. కేసు నడుస్తుంటే?”

“జడ్జి కాయిదాలు సూస్తుండె.”

“మరి నోటితోని చెప్పకపోయినవా? జడ్జి ఇనకపోవునా?”

“చేతితోని అడిగితె నోటితోని ఎట్ల చెప్త? నాకంటె ముందు నా చెయ్యే లేసింది.”

“ఏమన్నవ్?”

“రమ్మన్న. మల్లొక్కసారి గూడ రమ్మన్న.”

“అయినా…”

“కోర్టుల టీవీల నా దిక్కే సూసుకుంట నిలవడ్డడు. శానా సేపు సూసిండు. అటెనక తలకాయ దించి, నాకు ఇష్టమే సార్ అన్నడు.”

“గందుకా నువ్వు గూడ ఇష్టమే అన్నది?”

“ఇంకేమనాలె బాపు? రమ్మన్నంక గూడ రానన్నోన్ని ఎట్ల గుంజుకత్త?”

“ఆగు. ఆగు బిడ్డా. చెయ్యి యాడ ఉండె?”

“ఏంది?”

“రమ్మన్న చెయ్యి. యాడికెల్లి ఊపినవ్?”

“సాంచాల కాడ ఎట్ల జేస్తమో గట్లనే. గీడ, నడుము కాడ. ఎందుకు? బాపు, గట్ల సూస్తున్నవేంది?”

“నేను ఫోన్ల నీ మొఖమొక్కటే వట్టిన బిడ్డా.”