మిగిలిన మూడు పాయింట్లు

ఆగండి, ఈ అక్కాతమ్ముళ్ల మాటలు వినండి. హుస్సేనీ ఆలం బస్తీలో వాళ్ల నాన్న గాజుల దుకాణం మీది గది. ఫోన్‌లో ఆడే ఆట పోటీకి ఒక్క నిమిషముంది. శ్రవణ్ తన వీరుడి గుణాలకు పది పాయింట్లు పంచాలి. రాక్షసుడి చేతిలో వీరుడు చస్తే శ్రవణ్‌ని జట్టులోంచి తీసేస్తారు.

"బలానికి నాలుగు, వేగానికి మూడు పెట్టిన అక్కా."

"మిగిలిన మూడు?"

"ఆపదకు దాచిన. కొన్ని పగిలితే పనికొస్తయని బాపు ఇంకొన్ని గాజులు పక్కకు పెడ్తడు గదా, గట్ల."

"అరే పాగల్! ఆట షురువైతే మిగిలినయి పోతయి!"

"అయితే బలానికే కొడ్త."

"మన ఖాన్‌దాన్‌ల ఎవడన్న కత్తి పట్టిండారా? నాలుగు తరాలు మాటతోనే బతికినం. మాటనేర్పుకు పెట్టు!"

"రాక్షసునితోని బేరమాడాల్నా?"

"బాపు రోజూ గిరాకీలతోని ఆడ్తలేడా? ఒక్కరన్న కొరికిండ్రా?"

శ్రవణ్ వేలు తెర మీదకు చేరింది. ఇంకా ఐదు సెకన్లే. మీరైతే ఆ మూడూ ఎక్కడ పెడతారు?