శనివారం తప్పించుకున్న చేప

నాగబాబు టీ కొట్టు దగ్గర లక్ష్ముడు చెప్పే మాటలు నమ్మితే, సముద్రంలో చేపలు తమ పిల్లల్ని ఆయన పేరు చెప్పే భయపెట్టి నిద్రపుచ్చుతాయి. ఈ సంగతి బాగా తెలిసి కూడా కృపారాణి టీచరు ఆ శుక్రవారం సాయంత్రం నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని ఆయన ఎదురుగా బల్ల మీద కూర్చుందంటే, ఆవిడకి వేరే దారి లేదన్నమాట.

మర్నాడే ఇసకలపేట ప్రాథమిక పాఠశాల వార్షికోత్సవం. కోటబొమ్మాళి నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే ఆ హెడ్మాస్టరమ్మ ఏడాది నివేదిక దాదాపు రాసేసింది. ఇరవై ముగ్గురు పిల్లలు ముప్పై ఒక్కరయ్యారని రాసింది. పోయినేడు అక్షరం అక్షరం వేలితో పొడిచి చదివిన లక్ష్ముడి మనవరాలు ఉష ఇప్పుడు పేపరు ముందు పేజీ గుక్కతిప్పుకోకుండా చదువుతోందని, పేరు రాయకపోయినా, ఆ పిల్లని తలుచుకునే రాసింది. మిగిలింది ఒక్క గడి. దాతల పేర్లు.

ఆ ఒక్క గడి మీదే బడి వేలాడుతోంది. పోయినేడు గాలివానకి రెండో గది రేకులన్నీ ఎగిరిపోయాయి. బాగుచేతకి డబ్బు మంజూరైందని కాగితం వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. రెండు గదులు లేని బడిని గెడ్డ అవతలి బడిలో కలిపేస్తామని కబురొచ్చింది. వానాకాలంలో పొంగి పారే ఆ గెడ్డ దాటించి ఆరేళ్ల పిల్లని పంపే తల్లి ఈ ఊళ్లో లేదు. అలాంటి సమయంలో చేపలమ్మే తాతమ్మ ఒక శనివారం మధ్యాహ్నం బడికొచ్చి కొంగుముడి విప్పి కొంత డబ్బు బల్ల మీద పెట్టింది. బడి పాలు అంది. పాలంటే వాటా. ఎవరిచ్చారని అడిగితే సముద్రమిచ్చిందని చెప్పి వెళ్లిపోయింది. తర్వాత శనివారం కూడా వచ్చింది. ఏడాది తిరిగేసరికి గది మీద పదహారు కొత్త రేకులు పడ్డాయి. తీరా రేపు వచ్చే అధికారి ఫోన్ చేసి, దాత పేరు లేని గదిని రికార్డులోకి ఎక్కించలేమని చెప్పాడు. సముద్రం పేరు రాస్తే ఊరుకుంటారా అని కృపారాణి అడగలేదు.

అందుకే ఇలా కొట్టుకొచ్చింది. తాతమ్మ అక్కడే కూర్చుని బిస్కట్టు టీలో ముంచుకుంటోంది. అడిగితే చెప్పనని ఒట్టు వేశానంది. నాగబాబు పొయ్యి వైపు చూశాడు. అప్పుడు లక్ష్ముడు గొంతు సవరించుకున్నాడు.

"ఆల్లనెందుకు అడగడం టీచరమ్మా, నన్నడుగు. పెద్ద ఇసయమేటి కాదు. పోయిన కార్తీకంలో వలేసేను. నాలుగు కిలోల కోనెం పడ్డాది. సర్లే, బడికిచ్చీద్దుమనుకున్నాను. అంతే."

కృపారాణి సంతోషంగా 'నాలుగు కిలోల కోనెం చేప' అని రాసుకుంది. అక్కడితో పుస్తకం మూసేసి లేచిపోతే ఎంత బాగుండేదో. కానీ నాగబాబు నోరు ఊరుకోలేదు.

"నాలుగు కిలోల సేపకి పదారు రేకులొస్తాయేటి మావా?"

"నాలుగు కిలోలన్నది దాని కన్నురా. ఒక్క కన్ను. నన్ను సెప్పనిస్తావా, నువ్వే సెప్తావా?"

ఆవిడ రాసింది కొట్టేసింది.

"అది నా వల్లో పడ్డాదో, నాను దాని వల్లో పడ్డానో నాకే తెలీదు గానీ, నన్నూ నా పడవనీ ఈడ్సుకుని ఉత్తరంగా పోనాది, బారువ దాటిపోనాది, ఇచ్ఛాపురం దాటిపోనాది, గోపాలపూర్ కాడ ఒడ్డునున్నోలు నన్ను సూసి పండగనుకుని సేతులూపుతన్నారు, నాను ఆగవే తల్లీ, ఆగవే తల్లీ అని తెలుగులో ఎంత మొత్తుకున్నా అది ఇనదు. ఆ తరవాతేటైనాదో తెలుసా? అప్పుడు నా బుర్రకి తట్టినాది. ఇది ఒడియా సేప. దానికి తెలుగెలా వస్తాది? ఒడియాలో ఒక్క మాటన్నాను. టక్కున ఆగిపోనాది."

"ఏటన్నావు మావా?"

"ముప్పై ఒక్క మంది పిల్లలు వానలో తడుస్తన్నారన్నాను. ఆ మాటకది కళ్లనీల్లెట్టుకున్నాది. ఆ ఏడు సముద్రం ఒక పిసరు ఉప్పెక్కువైనాది, నువ్వు సూసే ఉంటావు."

అప్పటికి పిల్లలు ఇరవై ముగ్గురే కదా అని కృపారాణి గుర్తుచేసింది. రాబోయే పిల్లల్ని కూడా కలిపి చెప్పానని, చేప దగ్గర తక్కువ చెప్పుకుంటే పని జరగదని ఆయన జవాబు. ఆఫీసుల్లో కూడా ఇదే పద్ధతి అని ఆవిడకి తోచి నవ్వొచ్చింది, పైకి నవ్వలేదు.

అక్కడి నుంచి లక్ష్ముడికి అడ్డు లేకపోయింది. చేపే తిరిగి ఆయన్ని ఒడ్డుకి లాక్కొచ్చిందట. దాన్ని కోటబొమ్మాళి స్టేషన్లో గూడ్సు బండికి ఎక్కించాడట. తల ఎక్కించాక తోక వచ్చేసరికి రెండు గంటలు పట్టిందని, అంతసేపూ గేటు మూసే ఉంచారని, గేటు దగ్గర ఆగిన పెళ్లివారు ముహూర్తం దాటిపోతుందని అక్కడే తాళి కట్టించేశారని చెప్పాడు. ఆ పెళ్లిలో తాను తిన్న లడ్డూ ఎంతుందో కూడా చెప్పబోతే తాతమ్మ దగ్గింది.

"సరే, లడ్డూ ఒగ్గీ. సేపని తీసుకెల్లి మన కాగితం ఆగిపోయిన ఆఫీసు మెట్ల మీద పెట్టేను. అయ్యా, మీకు డబ్బు పంపడానికి తీరిక దొరికేదాకా ఈ సేప ఇక్కడే ఉంటాదన్నాను. ఒక రోజు గడిసినాది. రెండ్రోజులు గడిసినాయి. మూడో రోజు కంపు లేసినాది సూడు. ఆ తరవాతేటైనాదో తెలుసా? పద్నాలుగు నెలల్నించి బీరువాలో కదలకుండా పడుకున్న మన ఫైలు తనంతట తనే లేసి, ముక్కు మూసుకుని, మెట్లు దిగి నడిసొచ్చినాది. దారి కూడా అడగనేదు."

నాగబాబు గరిట పట్టుకునే నవ్వుతున్నాడు. కృపారాణి కలం సంచిలో పెట్టేసింది. కోపం రాలేదు, దిగులే వచ్చింది. ఈ మనిషి పేరెంట్స్ కమిటీ చైర్మన్. పిల్లలు బడికి రాకపోతే ఇంటింటికీ వెళ్లి కేకలేసి తెచ్చేది ఈయనే. ఈయనకి కూడా నిజం చెప్పాలని లేకపోతే ఆ గడి ఖాళీగానే పోతుంది, పిల్లలు గెడ్డ దాటాలి. ఆవిడ ఇక ఉండబట్టలేక అనేసింది.

"లక్ష్ముడు గారూ, రేకుల బిల్లు నా దగ్గరే ఉంది. ఆటో మీద నేనే తెచ్చాను. నాకు ఒక్క పేరు కావాలి."

లక్ష్ముడు ఒక క్షణం ఇబ్బంది పడ్డట్టు కనిపించాడు. కానీ వెంటనే తేరుకుని, అవి రేకులని అందరూ అనుకుంటున్నారు గానీ నిజానికి ఆ చేప పొలుసులేనని అన్నాడు. మిగిలిన మాంసం ఒడ్డున కుప్పలు పోశామని, ఒక్కో కుప్ప కొబ్బరి చెట్టంత లేచిందని చెప్పి, అది ఎలా పంచాడో చూపిస్తానని బల్ల మీంచి లేచాడు.

ఆ పంపకం కృపారాణి సెలవు రోజుల్లో చాలాసార్లు చూసింది. వల లాగాక చేపల్ని సమానంగా కుప్పలు పోస్తారు. పడవకొకటి, వలకొకటి, మనిషికొకటి. ఎవరూ పెద్ద కుప్ప ఏరుకోకుండా ఒకడు కుప్పలకి వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. వెనక తాతమ్మ ఒక్కో కుప్ప మీద చెయ్యి వేసి ఎవరి పాలని అడుగుతుంది. అతను చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఎన్నో ఏళ్లుగా ఆ వీపు లక్ష్ముడిదే. కొట్టు దగ్గర ఇన్ని కోతలు కోసే మనిషి ఇసుక మీద ఒక్కసారి కూడా ఓరకంట వెనక్కి చూడలేదని ఊరంతా చెబుతుంది.

"ఇలగ నిలబడ్డాను," అని లక్ష్ముడు రోడ్డుకి వీపు పెట్టి, చేతులు కట్టుకుని, సముద్రం వైపు తిరిగాడు. "వెనకాల కొండల్లాగ కుప్పలు. నాకు కనపడవు. కనపడినా సూడను."

సరిగ్గా అప్పుడే ఆయన భార్య నీలవేణి నెత్తిన గంపతో రోడ్డు మీద వచ్చింది. నాగబాబు నోరు తెరవబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. చప్పుడు కాకుండా మొగుడి వెనక గంప దించి, దాని మీద చెయ్యి వేసి, ఒడ్డున తాతమ్మ అడిగే అదే గొంతుతో అడిగింది.

"ఇదెవరి పాలు?"

"బడిది," అన్నాడు లక్ష్ముడు.

అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. వెనక్కి తిరిగి చూసి, పెళ్లాన్ని గుర్తుపట్టి, మళ్లీ సముద్రం వైపే తిరిగిపోయాడు.

తాతమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "నాను ఒట్టు తప్పనేదు. ఆడే సెప్పీసినాడు." తర్వాత టీచరు వైపు తిరిగి మిగతాది చెప్పింది. రేకులు ఎగిరిపోయిన వారం నుంచి ప్రతి శనివారం లక్ష్ముడు తన కుప్ప వచ్చే వంతుకి తన పేరు చెప్పడం మానేసి బడి పేరు చెబుతున్నాడు. ఆ కుప్పనే తాతమ్మ అమ్మి డబ్బు తెచ్చి ఇచ్చేది. రెండో నెల నుంచి మిగతావాళ్లు కూడా సిగ్గుపడి దాని మీద తలో గుప్పెడు వేశారు. నీలవేణి శనివారాలు ఎండుచేపలతో సంతకి పోతుంది కాబట్టి ఆవిడకి తెలియకూడదని ఊరందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఇంటికి వట్టిచేతులతో వెళ్లి, పెద్ద కోనెం వల చింపుకుని పోయిందని చెప్పేవాడు.

"మొదటి వారం నాలుగు కిలోలు," అంది నీలవేణి. "తరవాత పదయినాది. దీపావళికి దూడంతయినాది. నాకు రెండో శనివారమే తెలుసు. ఈ ఊళ్లో ఇంతమంది నోల్లుంటే దాగుతాదేటి?"

"మరి అడగనేదేటే?" అన్నాడు లక్ష్ముడు, ఇంకా సముద్రం వైపే చూస్తూ.

"అడిగితే సేప పెరగదు కదా."

ఏడాదిగా ఈయన్ని పనికిమాలిన కబుర్ల మనిషని లోపల్లోపల విసుక్కున్నందుకు కృపారాణికి సిగ్గేసింది. కలం తీసి ఆయన పేరు రాయబోయింది. లక్ష్ముడు గబగబా వచ్చి నోటుబుక్కు మీద చెయ్యి పెట్టాడు. తన పేరు వద్దన్నాడు. నిజం మైకులో చదివేస్తే ఇన్నాళ్లూ పెంచిన చేప ఒక్కసారిగా చచ్చిపోతుందని, కావలిస్తే చేప పేరే రాసుకోమని బతిమాలాడు.

నీలవేణి ఆ చెయ్యి పక్కకి తీసేసింది.

"రాయండి టీచరమ్మా. పాలొదిలింది ఈయన. శనివారం శనివారం ఉత్త సారు పోసుకుని కూడు తిన్నది నాను. నా పేరు కూడా రాయండి. ఈ గంపలో ఎండు రొయ్యలున్నాయి, రేపు పిల్లల భోజనాలకి. ఇది కూడా బడిదే. ఆయన సరిగానే సెప్పినాడు."

మర్నాడు బడి ముందు షామియానా కింద ఊరంతా కూర్చుంది. ఉష నివేదిక మొదటి పేజీ చదివింది, ఎక్కడా ఆగలేదు. రెండో పేజీలో దాతలు లక్ష్ముడు, నీలవేణి, ఇంకా వల లాగిన ఇరవై ఇద్దరు అని కృపారాణి చదివింది. వచ్చిన అధికారి లేచి రెండో గదిలోకి వెళ్లి తలెత్తి రేకులు చూసి, బయటికొచ్చి రిజిస్టర్లో రెండు గదులని రాసి సంతకం పెట్టాడు. బడి ఇక్కడే ఉంటుందన్నాడు. ఆడవాళ్లలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత ఆయన నవ్వుతూ లక్ష్ముణ్ణి పిలిచాడు. ఏదో చేప సంగతి నాగబాబు చెప్పాడని, ఇంతకీ అది ఎంత ఉండేదని అడిగాడు. లక్ష్ముడు మైకు పట్టుకుని ఆడవాళ్లలో కూర్చున్న నీలవేణి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"నాలుగు కిలోలు బాబూ. అదీ లేదు. ఉత్తినే."

"అబద్ధం సార్," అంది నీలవేణి కూర్చున్నచోటి నుంచే. "రైలుపెట్టంత ఉన్నాది. నాను సూసేను."