గుట్ట రెండో మలుపులో పుల్లన్న ఐసుడబ్బా

పుల్లన్న కోతలు కోయను మొదలుపెట్టే ముందు టీ గ్లాసు కింద పెడతాడు. రెండు చేతులూ ఖాళీగా ఉంటేగాని ఆయప్పకు మాట రాదు. ఆ సంగతి తెలిసిన నల్లమ్మ, గ్లాసు బెంచీ కొసన పెట్టిన చప్పుడు వినబడగానే స్టవ్ మంట తగ్గించి, బొరుగుల ఉగ్గాని బాండలి పక్కకు జరిపింది. ఆషాఢం గాలికి టీకొట్టు ముందర కట్టిన గోనెపట్టా పటపటా కొట్టుకుంటా ఉండాది.

నిజానికి ఆ పొద్దు నల్లమ్మకు కోతల మీద మనసు లేదు. కూతురు సుష్మ గుంజకు ఆనుకోని ముఖం ముడుచుకోని కూర్చుంది. ఆదివారం అనంతపురంలో పిల్లోళ్ళ సైకిల్ పందెం. గెలిస్తే ఆటల హాస్టల్లో సీటు, చదువూ తిండీ అన్నీ వాళ్ళవే అని చెప్పి, బడిలో డ్రిల్లు సారు ఒక సైకిల్ కూడా ఇప్పించినాడు. వరసగా రెండేండ్లు చెనిక్కాయ చేను ఎండిపోయి, మొగుడు బెంగుళూరులో గోడలు కట్టను పోయిన ఇంటికి అది చిన్న మాటేం కాదు. పందెం దోవలో సగం చదును, సగం మిట్ట అంట. సుష్మ మాత్రం నిన్నటినుంచి ఒకటే పాట, ఊరి పక్కన గుట్ట దిక్కు పోనే పోను, చదునుదోవలోనే తొక్కుకుంటా అని. రెండో మలుపు దగ్గర ఊపిరి ఆడక దిగి, సైకిల్ నెట్టుకుంటా పోతాంటే మేకలు కాసే పిల్లోళ్ళు ఎగతాళి చేసినారంట.

"చదునే మేలు మామా. కళ్యాణదుర్గం నుంచి ఈడికి నేను ఎంత జోరుగా వస్తాండానో తెలుసునా? బస్సుతో సమానంగా వస్తాండా" అన్నింది సుష్మ.

"ఎట్ల పోతాండావు పాపా కళ్యాణదుర్గానికి?" అన్నాడు పుల్లన్న.

"వెంకటరాముడన్న ఆటోలో సైకిల్ ఏసుకోని."

ఆటో వెంకటరాముడు బజ్జీ కొరుకుతా, అవునన్నట్టు తల ఊపినాడు. పొద్దున్నే ఆయన ఆటో ఖాళీగానే పోతాది కాబట్టి తానే ఎక్కించుకుంటాండాడు.

పుల్లన్న పగలబడి నవ్వినాడు. "అయితే నువ్వు తొక్కేదేం లేదు పాపా! ఆషాఢం గాలి పడమటినుంచి వీపు మీద చెయ్యేసి తోసుకోని వస్తాంది నిన్ను. ఆ గాలికి మా ముసలి ఎనుమును నిలబెట్టినా బస్సుతో సమానంగా వస్తాది. చదునుదోవ అంటే ఏందో తెలియాలంటే ఎదురుగా పోవల్ల. నేను పోయినా గదా."

"మొదలాయె" అన్నాడు బయ్యన్న. పుల్లన్న ఈడువాడే, ఇద్దరూ ఒకే బడిలో చదివినోళ్ళు. బీడీ ఆర్పి చెవిమీద పెట్టుకోని, బెంచీ మీద సర్దుకోని కూర్చున్నాడు.

"నేను ఐసు అమ్మే కాలమప్పా అది. సైకిల్ ఎనక ఐసుడబ్బా, డబ్బానిండా ఎర్ర పుల్లఐసు. ఇట్లాంటి ఆషాఢంలోనే కళ్యాణదుర్గం దిక్కు బయలుదేరినా. గాలి అంటే గాలా అది! పొద్దున తొక్కను మొదలుపెట్టి, మధ్యాన్నందాకా తల పైకెత్తకుండా తొక్కి, ఎంతదూరం వచ్చినానబ్బా అని పక్కకు చూస్తే, ఈ నల్లమ్మ కొట్టు ఉండాదే, దీని ముందరే ఉండా! నల్లమ్మ ఇదే బాండలిలో ఇదే గరిటె తిప్పతాంది."

"ఆ కాలానికి నేను కొట్టే పెట్టలేదు పుల్లన్నా" అన్నింది నల్లమ్మ.

"పెట్టబోయే చోటు ఉన్నింది గదమ్మా, దాని ముందర. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రొంత చెమట తుడుచుకుందామని తొక్కడం ఆపినా. అంతే. గాలి నన్నూ, సైకిలునూ, ఐసుడబ్బానూ అట్లే ఎనక్కి తోసుకోని పోయింది. ఎనకమార్లు దోవ కనపడదు గదా, గంట కొట్టుకుంటా, తప్పుకోండి తప్పుకోండి అని అరుచుకుంటా పోయి పోయి, యాడ ఆగినానంటే మా అత్తగారి ఊర్లో, వాళ్ళ వాకిట్లో. మా అత్త బయటికొచ్చి, ఏమప్పా అల్లుడా, చెప్పకుండా వచ్చినావే అని కాళ్ళకు నీళ్ళిచ్చి, కోడిని పట్టను పోయింది."

వెంకటరామునికి బజ్జీ పొరపోయింది. నల్లమ్మ నీళ్ళ చెంబు అందించింది. గుంజ దగ్గర సుష్మ పెదవులు కూడా రొంత కదిలినాయి. అది చూసి నల్లమ్మకు ప్రాణం కుదుటపడింది. కానీ అన్నా, కానీ అని లోపల్లోపల అనుకునింది.

"కోడి తినకుండా వచ్చినావా మరి?" అన్నాడు వెంకటరాముడు.

"యాడప్పా! మనసుకు రోషం పట్టింది. నువ్వో నేనో చూస్తాం అని గాలికి చెప్పి, మల్ల ఎక్కినా. ఈసారి తొక్కిన తొక్కుడుకు చక్రాలు కనపడలే, ఉత్త గీతలు కనపడినాయి. గాలిమరల కంపెనీవోళ్ళు జీపేసుకోని పరిగెత్తుకుంటా వచ్చినారు. ఏందయ్యా, గుట్టలమీద మా రెక్కలు నిలబడిపోయినాయి, గాలంతా నీ సైకిలే లాగేసుకుంటాంది అని. అందులో ఒక పెద్ద ఇంజినీరు నా డైనమో చూసినాడు. చూసి, దానికి ఇంత లావు వైరు తగిలించినాడు. తొక్కు పుల్లన్నా, తొక్కు అన్నాడు. మూడూర్లకు కరెంటు! లైట్లు వెలిగినాయి, రేడియోలు పాడినాయి, బోర్లు ఆడినాయి..."

"బోర్లో నీళ్ళుంటే గదప్పా ఆడేది" అన్నాడు బయ్యన్న.

"ఆడినాయి అంటాండా, నీళ్ళొచ్చినాయని చెప్పినానా? నీకి అన్నిటికీ తొందర!" పుల్లన్న చేత్తో గాలిని నరికినాడు. "సరే, చదును సంగతి అది. ఎదురుగాలి ఇచ్చేదేం ఉండదు, గుంజుకునేదే. మిట్ట అట్ల కాదు. మిట్ట ఎంత గుంజుకుంటాదో, దిగేటప్పుడు అంతా తిరిగి ఇచ్చేస్తాది. పాపా, ఈ గుట్టను నేను ఎట్ల ఎక్కినానో చెప్పినానా నీకి?"

సుష్మ నవ్వు ఆగిపోయింది. "లేదు" అన్నింది మెల్లగా.

"మండుటెండ. రోడ్డుమీద తారు ఉడకతాంది. ఎనక డబ్బానిండా ఐసు. మొదటి మలుపు ఎక్కినా, లెక్కే లేదు. రెండో మలుపుకాడ, మనుషులు దిగిపోతారే, ఆ మలుపుకాడ, నేను ఏం చేసినానో తెలుసా? సీటుమీదనుంచి లేచి నిలబడి ఒక్క తొక్కు తొక్కినా. ఆ తొక్కుకు సైకిల్ పైకి పోలేదప్పా, గుట్టే కిందికి దిగింది! ఇప్పటికీ చూడండి, రెండో మలుపు దగ్గర రోడ్డు రొంత లోపలికి ఉండాది. పైకి ఎక్కి, అవతలికి దిగినా. దిగతాంటే నా నీడ ఎనకబడిపోయింది. కింద ఆసుపత్రి ముందర అంగట్లో కూర్చోని టీ తాగి, బీడీ కాల్చుకున్నాంక వచ్చింది నీడ, రొప్పుకుంటా. ఇంగ డబ్బా తెరిస్తే, ఆ గాలి చలికి ఐసు కరగడం కాదు, పిల్లలు పెట్టింది. తక్కువేసుకోని బయలుదేరినోణ్ణి, ఎక్కువ అమ్ముకోని వచ్చినా!"

వెంకటరాముడు తొడ చరుచుకోని నవ్వినాడు. పుల్లన్న ఆ నవ్వుకు ఇంగా ఉబ్బిపోయి, వేలు పైకెత్తి గట్టిగా అన్నాడు. "గుట్టమీద కాలు కింద పెట్టినోడు మల్ల సైకిల్ ముట్టుకోకూడదప్పా. అది పౌరుషం అంటే!"

సుష్మ లేచింది. చున్నీ నడుముకు బిగించుకోని, సైకిల్ స్టాండు తీసింది.

"యాడికి పాపా?" అన్నింది నల్లమ్మ.

"డ్రిల్లు సారు ఇంటికి. సైకిల్ ఇచ్చేసి వస్తా. ఇంగెవరికైనా ఇస్తాడు." ఆ పిల్ల తల్లి ముఖం దిక్కు చూడలే. "నేను రోజూ కాలు కింద పెడతాండా."

పుల్లన్న వేలు గాల్లోనే ఉండిపోయింది. ఆయప్పకు ఏం జరిగిందో అర్థం కాలేదు. నల్లమ్మకు మాత్రం అర్థమైంది. ఎన్నేండ్లుగానో ఈ మనిషి కోతలు వింటా ఉండాది, నవ్వులాటకు తప్ప ఒక్కరోజు కూడా అడ్డం చెప్పలేదు. ఆయన ఏది అంటే అదే నిజమని గ్లాసు నింపి ఇస్తా వచ్చింది. ఈ పొద్దు గరిటె బాండలిలో పడేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటా కొట్టు బయటికి వచ్చింది.

"నిలబడు సుష్మా. పుల్లన్నా, నువ్వు ఆ రెండో మలుపులో దిగినావు."

"ఎవరు, నేనా?"

"నువ్వే. దిగి నెట్టినావు. మూడో మలుపులోనూ నెట్టినావు. పైకి ఎక్కేదాకా నెడతానే ఉన్నావు. డబ్బా పట్టుకోని ఎనక నడిచింది నేనే గదా, నాకి తెలియదా?"

బయ్యన్న చెవిమీది బీడీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పుల్లన్న గోనెపట్టా దిక్కు చూస్తా, "అదెందుకు ఇప్పుడు నల్లమ్మా" అన్నాడు. గొంతు సగానికి సగం తగ్గిపోయింది.

"ఇప్పుడే కావల్ల." నల్లమ్మ కూతురి దిక్కు తిరిగింది. "నీకి నాలుగేండ్లు ఉంటాయేమో. మీ నాయన ఊర్లో లేడు. నిప్పులు కురిసే ఎండాకాలం. జొరమొచ్చి, మధ్యాన్నానికి ఒళ్ళు పెనంమాదిరి కాలిపోయి, కండ్లు తేలేసినావు. బస్సు ఎళ్ళిపోయింది. నిన్ను ఎత్తుకోని రోడ్డుమీద ఏడుస్తా నిలబడుంటే, ఈయప్ప ఐసు ఐసు అని అరుచుకుంటా వచ్చినాడు. ఒక మాట అడగలేదు పాపా. నిన్ను డబ్బామీద పండబెట్టి, తన టవాలుతో కట్టి, గుట్ట దిక్కు తొక్కినాడు, నేను ఎనకాలే పరిగెత్తినా. మొదటి మలుపు ఎక్కినాడు, నిజమే. రెండో మలుపుకాడ ఊపిరి అందక దిగిపోయినాడు. దిగి, ఆ గుట్టను నోటికొచ్చినట్ల తిట్టుకుంటా నెట్టినాడు. రొంతదూరం పోయేది, ఐసు తీసి నీ తలమీద పెట్టమనేది. అది కరిగిపోతే ఇంగొకటి. పెట్టు నల్లమ్మా, దాచుకోవద్దు, పెట్టు అని. ఆసుపత్రికి పోయేసరికి డబ్బాలో పుల్లలూ ఎర్రనీళ్ళూ తప్ప ఏం లేవు. నీ తలంతా ఎర్రగా కారతాంటే నర్సమ్మ రక్తం అనుకోని కేక పెట్టింది."

నల్లమ్మ దగ్గరికి వచ్చి సైకిల్ సీటుమీద చెయ్యేసింది. "ఆయప్ప పౌరుషానికి పోయి, కాలు కింద పెట్టకూడదు, మల్ల వస్తాలే అని ఎనక్కి తిరిగి ఉంటే ఈ పొద్దు నువ్వు లేవు. ఆ నెట్టుడుకే నేను బతికినన్నాళ్ళూ దండం పెట్టుకుంటా. కాలు కింద పెట్టు పాపా, ఎన్నిసార్లైనా పెట్టు. పైకి మాత్రం పో."

సుష్మ సైకిల్ హ్యాండిల్ పట్టుకోని అట్లే నిలబడింది. చెయ్యి తనకు తెలియకుండానే నెత్తిమీదికి పోయింది. "మామా, ఎప్పుడూ చెప్పలేదే నాకి" అన్నింది.

పుల్లన్న ఇబ్బందిగా గ్లాసు ఎత్తి తాగబోయినాడు. అందులో టీ లేదు. "చెప్పను ఏముండాది పాపా అందులో. నెట్టినా అని చెబితే ఎవురు వింటారు?" ముఖం తుడుచుకోని, రొంత తేరుకోని, మల్ల గ్లాసు కింద పెట్టినాడు. "కానీ ఒకటి. ఖాళీ డబ్బాతో ఐసు ఫ్యాక్టరీకి పోతే, ఓనరు, ఐసంతా యాడికి పోయిందిరా అన్నాడు. జొరం పిల్లకు పెట్టినా అంటే నమ్మే మొగమా అది? అందుకని, గుట్ట దిగతాంటే గాలికి కొట్టుకపోయింది సామీ అని చెప్పినా. వాడు నోరు తెరుచుకోని విన్నాడు. నా జన్మలో నేను కోసిన మొదటి కోత అదేనప్పా. ఆ పొద్దునుంచే అలవాటు పడింది నాకి."

నల్లమ్మకు కండ్లనిండా నీళ్ళు తిరిగినాయి.

"ఛీ, నోరుముయ్యి" అన్నాడు బయ్యన్న. "రెండో తరగతిలో, పలకను ఎద్దు తినేసింది సారూ అని చెప్పినోనివి నువ్వు కాదా? నేను పక్కనే కూర్చోనుంటిని. తన్నులు నాకి గూడా పడినాయి!"

కొట్టంతా ఒక్కసారి గొల్లుమన్నింది. పుల్లన్న కూడా నవ్వినాడు. నల్లమ్మ ఏడుస్తానే నవ్వి, ఆయప్ప గ్లాసు తీసుకోని అంచుదాకా టీ పోసింది.

ఆ నవ్వులో సుష్మ సైకిల్ ఎక్కింది. వెంకటరాముడు తాళంచెవి చేతిలో పట్టుకోని, "దా పాపా, కళ్యాణదుర్గం దాకా దించుతా" అన్నాడు.

"వద్దన్నా" అని, ఆ పిల్ల హ్యాండిల్ గుట్ట దిక్కు తిప్పింది.