తాత మిఠాయి డబ్బా

నాంపల్లిలో పిల్లల డాక్టరు దగ్గర చూపించుకుని మెట్లు దిగుతున్నారు సదాశివ, ఆయన కోడలు స్నేహ, ఏడేళ్ల మనవరాలు శ్రీనిధి.

“బరువు పిల్లది. పథ్యం నాకెందుకమ్మా స్నేహా?”

“మీ ఒక్కరికే కాదు మామయ్యా. డాక్టరమ్మ ఏం చెప్పింది? పిల్లను ఒక్కదాన్ని వేరే కూసోబెట్టి పుల్కాలు పెడితే కాదు, ఇంట్ల అందరం గదే తినాలె. మిక్చరు, బిస్కెట్లు, స్వీట్లు ఇంట్లకే రావొద్దు. పొద్దుమీకి అందరం కలిసి నడవాలె.”

“నడుస్త. ట్యాంక్‌బండ్ దాంక నడువుమన్నా నడుస్త. మిఠాయి మాత్రం ఇడువ.”

“మీకు షుగర్ ఉంది.”

“నా షుగర్ నా ఇష్టం. ఉస్మాన్‌గంజ్‌ల ఇన్నేండ్లు బెల్లం, శక్కర అమ్మిన. నోట్లె ఏస్కోకుండనే అమ్మిననా? డెబ్బై దాటినంక గా పోరి డాక్టర్ నాకు చెప్పాల్నా ఏం తినాల్నో?”

“పిల్ల కోసం గూడ ఇడవరా?”

“పిల్ల కోసం పానమిస్త. డబ్బా ఇయ్య. ఫ్రిజ్‌ల నా డబ్బా ఉన్నకాడనే ఉంటది. ఎవ్వలన్న తీసి పారేస్తే మంచిగుండదు, చెప్తున్న.”

“డబ్బా ఉంటది మామయ్యా. అండ్లున్నవే ఉంటలేవు. మొన్న మీరు తెచ్చిన కలాకంద్ తెల్లారేసరికి గాయబ్. తిన్నది ఇదే. గందుకే ఇది గిట్లయింది.”

“నేనిచ్చిననా? ఎన్నడన్న చేతికిచ్చిననా? అదే తీస్కుంటది.”

“మీరు కొనకపోతే ఎట్ల తీస్కుంటది?”

“కొంట. రేపు గూడ కొంట. ఇప్పుడే కొంట, మొజంజాహీ మార్కెట్ ఎంత దూరముంది? పా శ్రీనిధీ, సీతాఫల్ ఐస్‌క్రీమ్ తిందాం.”

“మామయ్యా, జర ఇనండి. బడిల పిల్లలు దీన్ని గ్యాస్ బండ అంటున్నరు. ఆటకు రానిస్తలేరు.”

“ఎవడన్నది? పేరు చెప్పు. వానింటికి పోయి అడుగుత.”

“అడిగితే దీని బరువు తగ్గుతదా? శ్రీనిధీ, తాతను జూడకు, నన్ను జూడు. తాత డబ్బా ఎందుకు తీస్తున్నవ్?”

“ఊరికే.”

“ఊరికే ఏంది? ఆకలైతే నన్నడగొచ్చు గదా.”

“ఆకలైతలేదు.”

“కలాకంద్ అంటే అంత ఇష్టమా?”

“ఇష్టం లేదు. వాంతొచ్చినట్లయితది.”

“మరెందుకు తింటున్నవే?”

“చెప్ప.”

“చెప్పు బిడ్డా. అమ్మ ఏమనది, నేనున్న గదా.”

“మన పక్కింటి రాంచందర్ తాతకు షుగరెక్కువై కాలు తీసేసిన్రు గదా. స్వీట్లు ఆపకుంటే నీకు గూడ తీసేస్తరని అమ్మ నాన్నకు చెప్పింది.”

“అయితే?”

“నువ్వేమో ఎవ్వరు చెప్పినా ఇనవు. గందుకే నువ్వు లేవకముందే నేను తినేస్తున్న.”

“శ్రీనిధీ…”

“డాక్టరమ్మ వద్దన్నా తింట. అమ్మ కొట్టినా తింట. నువ్వు కొను తాతా, ఎన్ని కొంటవో కొను. నీకు ఒక్కటి గూడ మిగలనియ్య.”