మూతెడు మందు

మెకానిక్ బాబాయికి ఆ సాయంత్రం ఒళ్ళు మండిపోతోంది. మేడమీది పూలకుండీలకు ఇన్నాళ్ళూ ఆయనే నీళ్ళు పోస్తున్నాడు. ఇప్పుడు ఆ పని, మేడ తాళంచెవితో సహా, కింది వాటా దర్జీకి అప్పగించాలని ఇరుగుపొరుగంతా తీర్మానించారట! వదిన టీకొట్టు ముందు బల్లమీద కూర్చుని, వినేవాళ్ళకీ విననివాళ్ళకీ కలిపి మొదలుపెట్టాడు.

"మొక్కను చంపానా? నేనా? నా చెయ్యి తగిలితే చీపురు కూడా చిగురేస్తుందయ్యా! మా వదిన ఊరెళ్తూ నిమ్మమొక్కను నాకు అప్పజెప్పింది. ఆవిడిచ్చిన మొక్కల బలం మందు సీసా మీద ఏం రాశాడనుకున్నారు? బకెట్టు నీళ్ళకి ఒక్క మూత! తిండి పెడుతున్నామా, వాసన చూపిస్తున్నామా? నాకు కడుపు తరుక్కుపోయింది. మూడు మూతలు పోశా. తెల్లారేసరికి చిగురు జానెడు!"

"జానెడేనా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న దర్జీ, తలెత్తకుండా.

"ఆగవయ్యా, నీకన్నీ తొందరే! సాయంత్రం మందు సగం, నీళ్ళు సగం కలిపి పోశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొమ్మ పిట్టగోడ దాటి, కింది అంతస్తు కిటికీలో దూరి, లెక్కల మాస్టారిని మంచంతో సహా మేడమీదికి లాక్కొచ్చింది! ఆయన లేస్తేనా? పైన గాలి బాగుందని అటు తిరిగి పడుకున్నాడు."

"అబ్బో!" అన్నాడు బల్ల చివర కూర్చున్న పెయింటరు.

"అబ్బో ఏంటి అబ్బో? ఇక నీళ్ళు దేనికని సీసా సీసా కుమ్మరించా. కాయలు కాశాయీ, ఒక్కొక్కటీ నీళ్ళట్యాంకంత! ఒకటి కోస్తే వీధంతా గొడుగులు పట్టారు. పైన పోయే విమానం కొమ్మల్లో ఇరుక్కుంటే, పైలట్ తల బయటపెట్టి, 'ఏం మందు బాబాయ్?' అని నన్నే అడిగాడు!"

"మరి ఆ చెట్టేదీ?" అన్నాడు దర్జీ.

"విమానానికి అడ్డమని నేనే కసిరా. అలిగి మళ్ళీ ఇంతైపోయి ఆకులు రాల్చుకుంది. దాని అలక్కి నేనా బాధ్యుణ్ణి? ఎక్కడి న్యాయం ఇది? వదినా, గొంతెండిపోయింది, కాసిని నిమ్మనీళ్ళివ్వు!"

వదిన కలిపి గ్లాసు అందించింది. బాబాయి గటగటా సగం తాగేసి గుడ్లు తేలేశాడు.

"ఉప్పు! గుప్పెడు ఉప్పు వేశావా ఏంటి? నీళ్ళు, నీళ్ళు!"

"తాగింది నీళ్ళే కదా మరిదీ, ఇంకా దాహమేంటి?"

"ఇంత ఉప్పు కలిపితే దాహం తీరుతుందా, ఎక్కువవుతుందా?" అని బల్ల గుద్దాడు.

వదిన నిమ్మకుండీ తెచ్చి అదే బల్లమీద ఠక్కున పెట్టింది. మట్టి మీద మందులోని ఉప్పు తెల్లగా పేరుకుంది. మిగిలిన నాలుగాకులూ అంచులు మాడి ఉన్నాయి.

"నీకు తెలిసిందేగా! దీనికీ అదే జరిగింది. మట్టి తడిగానే ఉంది, వేరు మాత్రం దాహంతో మాడిపోయింది. మందు అంత చిక్కగా ఉంటే వేరు తాగలేదు సరికదా, వేరులో ఉన్న నీళ్ళే బయటికి పోతాయి. మొగ్గ వేసిన మొక్క మరిదీ, గింజ నాటి పెంచుకున్నాను!"

బాబాయికి లోపల చివుక్కుమంది. అయినా ఊరుకుంటాడా?

"దాహమేస్తే నాలా అరవొచ్చుగా! పాపం నోరు లేదు, ఉండుంటేనా..."

"ఉన్నా, నీ పక్కన దానికి మాట్లాడే సందెక్కడిది?" అంటూ వదిన మేడ తాళంచెవి కోసం చెయ్యి చాపింది.